నలభై ఒక్క సెకన్లు

సోమవారం పొద్దున టైపిస్టు కుర్చీలో కూలబడి హెడ్‌ఫోన్ల మెత్తలు జేబురుమాలుతో తుడిచాడు. కుడిది ఒకసారి, ఎడమది రెండుసార్లు. ఎడమ చెవి ఉద్యోగానికి, కుడి చెవి సూపరింటెండెంటు చీవాట్లకి అని అతను ఎప్పుడో పంపకాలు చేసేసుకున్నాడు.

అది ఆపదలో ఉన్నవాళ్ళు ఫోన్ చేసే ఆఫీసు. మేడ మీద హాల్లో పన్నెండుమంది ఆపరేటర్లు ఫోన్లు ఎత్తుతారు. వాటిలో కోర్టు దాకా నడిచేవి, అంటే రక్తం చూసినవి, మెట్ల కింద ఉన్న ఈ గదిలోకి దిగుతాయి. దిగినవాటిని విని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టడం టైపిస్టు పని. "పైవాళ్ళది కాల్ పని, మనది కాలే పని" అనేవాడు, చేరిన కొత్తలో. ఈమధ్య ఆ మాట అనడం మానేశాడు. కాలడం మాత్రం మానలేదు.

పనికి ఒక పద్ధతి ఉంది. ప్రతి రికార్డింగూ మూడు విడతలు వినాలి. మొదటి విడత మాటల కోసం. రెండో విడత చప్పుళ్ళ కోసం: తలుపు, గ్లాసు, ఏడుపు, పక్కింటి కుక్క, అన్నీ బ్రాకెట్లలోకి వెళ్ళాలి. ఎవరూ మాట్లాడకపోతే అది ఎన్ని సెకన్లో రాయాలి. మూడో విడత కాగితం మీద వేలు పెట్టుకుని సరిచూసుకోవడానికి. అప్పుడు సంతకం: 'నాకు వినిపించినది ఇదే, ఇంతే.' చెవులు కాస్త పెద్దవి కావడం వల్లా, వాటినే నమ్ముకుని బతుకుతున్నందువల్లా ఆఫీసంతా అతన్ని కుందేలు అంటుంది.

సూపరింటెండెంటు ఆ రోజు తనే మెట్లు దిగి వచ్చాడు. ఆయనకి దుమ్ము పడదు. దుమ్ముకి మూడు తుమ్ములు, తుమ్ములకి ఒక తిట్టు. గుమ్మంలోనే మూడూ ముగించి, "ఎవడ్రా ఈ గది ఊడ్చేది!" అని కోటా పూర్తిచేసి, బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. దాని మీద రికార్డింగు నంబరు ఉంది.

"గురువారం సాయంత్రానికి కావాలి. శుక్రవారం విచారణ."

"ఏ కేసండీ?"

"పేపర్లో పడిందిగా. ఆపరేటరు నవ్విందన్న కేసు."

టైపిస్టు తలెత్తలేదు. ఆ ఆపరేటరు పెద్దక్క. హాల్లో అందరికన్నా పాత మనిషి. ఫోనెత్తి "చెప్పమ్మా" అంటే అవతల వణుకుతున్న గొంతు సగం కుదుటపడేది. గత మంగళవారం ఆవిడ ఎత్తిన ఫోను చేసిన అమ్మాయి చచ్చిపోయింది. పోలీసులు రికార్డింగు విన్నారు, పోలీసుల నోట పేపరువాళ్ళు విన్నారు. ఆవిడని ఇంటి దగ్గర కూర్చోమన్నారు.

మొదటి విడత మొదలుపెట్టాడు.

ధారగా నీళ్ళు. స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటునుంచి ఒక ఆడగొంతు.

"గట్టిగా మాట్లాడలేనండీ."

"పర్లేదమ్మా. మెల్లగానే చెప్పు. ఎక్కడున్నావు?"

చిరునామా చెప్పింది. వీధి, మేడ, ఎన్నో అంతస్తో, ఎడమవైపు తలుపు. తప్పుల్లేకుండా, పరీక్షలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది. "గడియ వేసుకున్నాను. మా ఆయన బయటున్నాడు. చేతిలో..." అని ఆగిపోయింది.

"బండి పంపిస్తున్నా. ఫోను కట్ చెయ్యకు. నువ్వు మాట్లాడకపోయినా నేను వింటూనే ఉంటా."

ఆ తరవాత నలభై ఒక్క సెకన్లు ఇద్దరి మధ్యా మాటలు లేవు. పెద్దక్క బండ్లు పంపే బల్ల వైపు తిరిగి చిరునామా అందిస్తున్న గొంతు దూరంగా, నూతిలోంచి వచ్చినట్టు ఉంది. చివర్న తలుపు మీద దెబ్బ. ఆడగొంతు ఒకే ఒక్క మాట అంది.

"విన్నాడు."

అంతే. బండి పదకొండు నిమిషాలకి చేరిందనీ, అప్పటికీ కుళాయి పోతూనే ఉందనీ కాగితంలో రాసి ఉంది.

టైపిస్టు మాటలన్నీ కొట్టాడు. నీళ్ళు తాగాడు. రెండో విడత పెట్టాడు. చప్పుళ్ళ విడత. నలభై ఒక్క సెకన్లలోకి మళ్ళీ దిగాడు.

పంతొమ్మిదో సెకనులో తుమ్ము. ఇంకోటి. మూడోది. వెనకే దూరం నుంచి ఒక మగగొంతు: "ఎవడ్రా ఫ్యాను వేసింది? ఇది ఆఫీసా, విమానాశ్రయమా?" వెంటనే నవ్వు. చిన్నది, రెండు సెకన్లు. తరవాత తలుపు.

వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు. ఆ తుమ్ము సూపరింటెండెంటుది కాదు. తనది.

గత మంగళవారం పదకొండింటికి టీ కోసం మేడ మీదకి వెళ్ళాడు. అప్పుడే ఒక కుర్ర ఆపరేటరు ఏదో పసిపిల్ల చేసిన ఫోను పెట్టేసి బల్ల మీద తల వాల్చేసింది. పక్కసీటావిడ కళ్ళతోనే సైగ చేసింది: ఒక తుమ్ము వెయ్యవయ్యా. హాల్లో అది మామూలే. మరీ పాడు ఫోను వస్తే కుందేలుని పిలిచి సూపరింటెండెంటు తుమ్ము వేయించుకుంటారు, దెబ్బకి మందు వేయించుకున్నట్టు. ఫోన్లు మోగుతుంటాయి కనక అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆ రోజు కుర్ర ఆపరేటరు తలెత్తింది. పెద్దక్క అటు తిరిగి ఉంది. ఆవిడ భుజాలు కదిలాయి. అక్కని కూడా నవ్వించానని అతను మురిసిపోయాడు.

మురిసిన మొహాన్ని ఇప్పుడు రెండు చేతుల్తో మూసుకున్నాడు.

సాయంత్రం సూపరింటెండెంటు మళ్ళీ దిగాడు. తలుపు దగ్గరగా వేశాడు. ఆయన తలుపు వెయ్యడం అదే మొదటిసారి.

"ఆ తుమ్ము విన్నావా?"

"విన్నానండీ."

"ఎవరిదో తెలుసుగా?"

టైపిస్టు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాదేనయ్యా," అన్నాడు సూపరింటెండెంటు, గొంతు తగ్గించి. "ఆ టైములో నేను హాల్లో ఉన్నట్టు నాకు గుర్తే లేదు. కానీ ఇన్నేళ్ళుగా తుమ్ముతున్నాను, నా తుమ్ము నాకు తెలీదా? నేను అరవడం, అది నవ్వడం, వాడు వినడం. రేపు పేపర్లో ఏమేస్తారో ఊహించుకో. వచ్చే ఏడు రిటైరవుతున్నాను. 'అస్పష్టమైన చప్పుడు' అని రాసి పడెయ్."

"మరి నవ్వండీ?"

"నవ్వు స్పష్టంగానే ఉందిగా."

ఆయన వెళ్ళిపోయాడు. టైపిస్టు కాగితం ముందుకి లాక్కున్నాడు. తను చేసిన అనుకరణ ఎంత బాగా కుదిరిందంటే అసలు మనిషే మోసపోయాడు. ఒక్క మాట, 'అస్పష్టం' అని కొడితే చాలు, ఇద్దరు మగవాళ్ళు తుమ్మినంత తేలిగ్గా బయటపడతారు. మిగిలేది ఒక నవ్వు. ఏ కారణమూ లేకుండా, చావబోతున్న పిల్ల చెవిలో నవ్విన ఒక ఆడమనిషి.

మంగళవారం సగం రోజు సెలవు పెట్టి పెద్దక్క ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. బల్ల మీద ఒకే దుప్పటి. చేసిందే చేస్తోంది. తలుపు తీసిన వాళ్ళాయన, "పొద్దుట్నుంచీ అదే దుప్పటి, బాబూ. నువ్వైనా చెప్పు," అని మెల్లగా అని లోపలికి వెళ్ళిపోయాడు.

"రా కుందేలూ. మీ ఆవిడ బాగుందా? పిల్ల?"

"బాగున్నారక్కా."

"కూచో. ఆ కుర్చీ వద్దు, కాలు ఊడింది. మా ఆయన బాగుచేస్తానంటూనే ఉన్నాడు, పెళ్ళైన దగ్గర్నుంచీ."

అతను నవ్వబోయాడు. మొహం సహకరించలేదు.

"అక్కా. నువ్వు నవ్వావా?"

ఇస్త్రీపెట్టె ఒక అంచు నుంచి రెండో అంచు దాకా వెళ్ళింది.

"నవ్వానంటున్నారుగా."

"నీకు గుర్తుందా?"

"ఆ పిల్ల ఇంటి నంబరు గుర్తుంది. కుళాయి గుర్తుంది. నవ్వు గుర్తులేదు. గుర్తులేనంత మాత్రాన నవ్వలేదని కాదుగా? నువ్వు తుమ్మావు. నీ తుమ్ముకి నవ్వకుండా ఏనాడున్నాను?"

"నేనేనని తెలుసా నీకు?"

"తెలీకపోవడానికేం, నేనేమైనా సూపరింటెండెంటునా?" ఆవిడ దుప్పటి తిరగేసింది. "నీ పేరు చెప్పలేదులే. చంటిపిల్ల ఉన్నవాడివి. అయినా తుమ్మినవాడిదా తప్పు? మైకు ముందున్న మూతి నాది."

"నేను రాస్తానక్కా. తుమ్మింది నేనేనని రాస్తా."

"రాస్తే? నేను నవ్వలేదని అవుతుందా?" ఇస్త్రీపెట్టె ఆగింది. "వింటూనే ఉంటా అన్నానురా దాంతో. నేను నవ్వడం వాడు విన్నాడు. 'విన్నాడు' అంది, విన్నావుగా నువ్వూ. ఇప్పుడు స్నానానికి వెళ్తే కుళాయి తిప్పలేకపోతున్నాను. మా ఆయన బయటినుంచి బకెట్లో తెచ్చి ఇస్తున్నాడు."

కాలిన వాసన వచ్చింది. అతను లేచి ఇస్త్రీపెట్టె పక్కకి తీశాడు. దుప్పటి మీద గోధుమరంగు మరక. ఆవిడ దాన్ని మడత లోపలికి మడిచి, మడతని అరచేత్తో అదిమింది.

ఇంటికొచ్చేసరికి కూతురు గుమ్మంలో కాచుక్కూచుని ఉంది. "నాన్నా, తుమ్ముల తాతయ్య చెయ్యవా?" రోజూ భోజనానికి ముందు అదొక ఆట.

"రేపు చేస్తానమ్మా."

"నిన్న కూడా రేపే అన్నావు."

కంచం ముందు కూర్చున్నాడు. భార్య ఏదో అడిగింది. అతను పలకలేదు. మళ్ళీ అడిగింది.

"ఏమండీ, మిమ్మల్నే. ఏమాలోచిస్తున్నారు?"

"తొమ్మిది," అన్నాడు.

"ఏం తొమ్మిది?"

నువ్వు మాట్లాడకుండా ఉన్న సెకన్లు అని చెప్పలేదు. కానీ ఆవిడకి తెలుసు. కంచం తీసుకుని, కుళాయి కింద పెట్టి, అవసరమైనదానికన్నా గట్టిగా తోమింది. "ఆఫీసులో పోయినవాళ్ళ మాటలు అక్షరం పొల్లుపోకుండా వింటారు. ఇంట్లో బతికున్నదాన్ని నేను. నా మాట ఒక్కటి వింటే మీ సొమ్మేం పోయింది?"



బుధవారం గొంతు గుర్తుపట్టే రోజు. సంతకం పెట్టే ముందు చనిపోయిన మనిషి తాలూకు ఒకరు వచ్చి, ఇది మా వాళ్ళ గొంతే అని చెప్పాలి. మొదటి ఇరవై సెకన్లే వినిపించాలి, ఆపైన వద్దు. అది చూపించదగ్గ దయ అని ఎవరో, ఎప్పుడో, నియమంగా పెట్టారు.

వచ్చింది తల్లి. కుట్టుపని మనిషి. మెళ్ళో కొలతల టేపు అలాగే ఉంది, తీయడం మర్చిపోయినట్టుంది. టైపిస్టు కుర్చీ లాగి, హెడ్‌ఫోన్ల మెత్తలు రెండూ రెండేసిసార్లు తుడిచి ఇచ్చాడు. తన చెవులకి ఇంకో జత పెట్టుకున్నాడు.

ఇరవై సెకన్లు అయ్యాయి. ఆపాడు.

"మీ అమ్మాయేనామ్మా?"

"మెల్లగా మాట్లాడుతోంది. దానిలాగే ఉంది. కానట్టూ ఉంది." ఆవిడ హెడ్‌ఫోన్లు తియ్యలేదు. "ముక్క చూపించి చొక్కా ఎవరిదో చెప్పమంటే ఎట్టా బాబూ? మొత్తం పెట్టు."

"అంతకన్నా పెట్టకూడదమ్మా."

"తొమ్మిది నెలలు మోశాను. తొమ్మిది నిమిషాలు వినలేనా?"

అతను పెట్టకూడదు. పెట్టాడు. తలుపు దెబ్బకి ముందే ఆపెయ్యాలని వేలు మీట మీదే ఉంచాడు. చిరునామా వచ్చింది. "వింటూనే ఉంటా" వచ్చింది. తల్లి కళ్ళు మూసుకుంది. నీళ్ళ చప్పుడు. తుమ్ములు. విమానాశ్రయం. నవ్వు.

మీట నొక్కాడు.

తల్లి కళ్ళు తెరిచింది. "ఇది. ఇదే నా బిడ్డ."

"ఏదమ్మా?"

"ఆ నవ్వు."

"అది కాదమ్మా, అది మా..."

"నా బిడ్డ నవ్వు నాకు తెలీదా? భయమేస్తే నవ్వుతుంది అది. చిన్నప్పట్నుంచీ అంతే. లెక్కల మాస్టారు బెత్తం తీస్తే నవ్వేది, అందుకని ఇంకో రెండు తినేది. ఆపుకోలేదు పిచ్చిమొద్దు. చివర్న గాలి లోపలికి పీలుస్తుంది చూడు. మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాడు. రెండు సెకన్లు. నవ్వు చివర్న సన్నగా గాలి పీల్చిన చప్పుడు. నవ్వు చుట్టూ గోడలకి తగిలి తిరిగొచ్చే మోత. ఆ మోత వెనక, నవ్వుకి ఆనుకునే, నీళ్ళు. హాల్లో కుళాయి లేదు. పెద్దక్క మైకు దగ్గర నవ్వితే అది పొడిగా, దగ్గరగా వినిపించాలి. ఇది తడి గదిలో పుట్టిన నవ్వు. కుక్క ఎన్నో ఇంట్లో మొరిగిందో చెప్పగల చెవులు నాలుగుసార్లు విని దీన్ని పట్టుకోలేకపోయాయి. అక్క భుజాలు కదలడం కళ్ళారా చూశాడు కనక, ఆ చూసినదాన్నే విన్నాడు.

అక్క నవ్వలేదు.

ఆ మాట లోపల పడి, దాని వెంటే ఇంకోటి వచ్చి పడింది. విన్నాడు. వాడు విన్నది ఈ నవ్వుని. ఈ నవ్వుకి ముందున్నది ఎవరు?

"ఆ తుమ్మినాయన ఎవరు బాబూ?" అంది తల్లి.

టైపిస్టు లెక్కపెట్టుకున్నాడు, అలవాటు కొద్దీ. ఆరు సెకన్లు.

"నేనేనమ్మా."

ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. మెళ్ళో టేపు అప్పుడు చేతికి తగిలినట్టుంది, దాన్ని లాగి వేళ్ళకి చుట్టుకోసాగింది. తిట్టలేదు. చుట్ట పూర్తయ్యేదాకా దానివైపే చూసింది.

"మళ్ళీ ఒకసారి చెయ్యి."

"అమ్మా..."

"అది విన్న ఆఖరు మాట నీదే కదా. ఆ డబ్బాలోంచి కాదు. నాకు ఎదురుగా వినిపించు. భయానికి నవ్విందో, నీకు నవ్విందో చూసుకుంటాను."

అతను లేచి నిలబడ్డాడు. మొదటి తుమ్ము రాలేదు. గొంతు సవరించుకున్నాడు. తుమ్మాడు. ఇంకోటి. మూడోది సగంలో విరిగి ఇంకేదో అయిపోయింది. "ఎవడ్రా ఫ్యాను వేసింది," అన్నాడు, గోడవైపు చూస్తూ. "ఇది ఆఫీసా... విమానాశ్రయమా."

తల్లి చెవులు రిక్కించి, ఎంత గుడ్డ పడుతుందో అంచనా కడుతున్నట్టు అతన్ని చూసింది. నవ్వలేదు.

"బాగానే చేస్తావు," అంది. కాగితం మీద చూపించిన చోట సంతకం పెట్టి, టేపు చుట్ట పిడికిట్లో పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. భయానికో, తనకో, ఆవిడేం తేల్చుకుందో అతనికి చెప్పలేదు.

గురువారం మధ్యాహ్నం మూడో విడత అయింది. కాగితం మీద ఇలా ఉంది:

(మూడు తుమ్ములు, అనుకరణ. "ఎవడ్రా ఫ్యాను వేసింది? ఇది ఆఫీసా, విమానాశ్రయమా?" – ఇది రాస్తున్న టైపిస్టు గొంతు.)

(ఫోను చేసినామె నవ్వు, రెండు సెకన్లు. తల్లి గుర్తుపట్టినది.)

సూపరింటెండెంటు నిలబడే చదివాడు. చదివి కూర్చున్నాడు.

"అంటే... అది నేను కాదా?"

"కాదండీ."

"ముందే ఏడవొచ్చుగా! మూడు రాత్రులు నిద్రపోలేదయ్యా నేను!" అన్నాడు. మొహం కడిగిన పలకలా అయింది. ఆ తరవాత మళ్ళీ చదివాడు. ఈసారి వేలు పెట్టుకుని. "నీ గొంతున్న రికార్డింగుని నువ్వు రాయకూడదు. మొదటి రోజే నా దగ్గరికి రావాల్సింది. ఇరవై సెకన్లకి మించి వినిపించావు కూడా. తెలుసుగా, ఇంక నిన్ను ఈ గదిలో ఉంచరు."

"తెలుసండీ."

"ఇంకెవరైనా రాసినా ఆ తుమ్ము నాదే అనుకునేవాళ్ళయ్యా," అన్నాడు ఆయన, ఎందుకో నెమ్మదిగా. కాగితాల దుమ్ముకి మూడుసార్లు తుమ్మాడు. తుమ్మి, తిట్టు మర్చిపోయాడు.

టైపిస్టు తన బల్ల సర్దుకుని, మెట్ల కిందినుంచే పెద్దక్కకి ఫోన్ చేశాడు. చెప్పాడు.

"నేను నవ్వలేదా?"

"లేదక్కా. ఆ నవ్వులో కుళాయి ఉంది."

"మరి నా భుజాలు కదిలాయన్నారు అందరూ."

"చిరునామా రాస్తున్నావు కదా. చేతితోపాటు కదిలుంటాయి."

అవతల నిశ్శబ్దం. పద్నాలుగు సెకన్లు.

"తొమ్మిది రోజులు మోశానురా దాన్ని," అంది చివరికి. సంతోషంగా లేదు గొంతు. చాలా అలిసి ఉంది. "నిన్నేమీ అననురా. కానీ దింపుకున్నా, తేలిగ్గా లేదు. అది ఎక్కడికెళ్ళిందో తెలుసు కనక." మళ్ళీ తనే, "తిన్నావా?" అంది.

"తింటానక్కా."

ఎండ ఉండగానే ఇల్లు చేరాడు. వంటింట్లో కుళాయి కింద భార్య గిన్నెలు కడుగుతోంది. కూతురు అతని మొహం చూసి, ఈ రోజు కూడా రేపే అంటాడని తేల్చుకున్నట్టుంది. నడుం మీద చేతులు పెట్టుకుని, బొజ్జ ముందుకి తోసి, తనే తుమ్మింది. ఒకటి, రెండు, మూడు. "ఎవడ్రా ఫ్యాను వేసింది!"

అచ్చం తనలాగే చేసింది. వంటింట్లోంచి భార్య నవ్వింది. వారం తరవాత మొదటిసారి. అది చూసి పిల్ల కూడా పగలబడి నవ్వింది.

అతను ఒక్క అంగలో వెళ్ళి పిల్ల నోటి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. చూపు మూసి ఉన్న వీధితలుపు మీద ఉంది.

"ష్. వింటాడు."

"ఎవరు?" అంది భార్య, కుళాయి కట్టేసి. తడి చేతుల్తో గుమ్మంలోకి వచ్చింది. "ఏమండీ, ఎవడు వింటాడు?"

అరచేతి పైన పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. అరచేతి కింద పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. చివర్న గాలి లోపలికి పీల్చింది. అది ఏ నవ్వో అతనికి తెలియలేదు.